మూత్ర పరీక్ష చీటీ: అది కూడా మనం చదవవలసిన కాగితమే

ఈమధ్య ఉద్దానంలో ఒక పల్లెలో వ్యవసాయ కార్మికుల సమావేశం జరిపాం. కూలి రేట్ల సంగతి, ఇళ్ళ స్థలాల సంగతి మాట్లాడుకుని, చీకటి పడుతుండగా లేస్తున్నాం. అరవయ్యేళ్ళ తల్లి ఒకామె ముందుకు వచ్చి, కొంగు ముడి విప్పి, మడతలు పడిన రెండు కాగితాలు మా చేతిలో పెట్టింది.

"ఇందులో ఏటి రాసున్నాదో సూసి సెప్పు బాబూ. ఒకటి నాది, ఒకటి మా ముసిలాయనది. ఒంటేలు పరీక్ష సేసినారు. నాకు రోగమున్నాదని సూదులు పొడిసినారు. ఆయనకేటీ నేదన్నారు. తీరా సూస్తే నాను పనికెల్తన్నాను, ఆయనే మంచం దిగలేకపోతన్నాడు" అన్నది.

కాగితాలు చేతులు మారాయి. డిగ్రీ చదువుతున్న కుర్రవాడు ఒకడు దీపం కిందికి వెళ్ళి పైకి చదివాడు. ఆల్బుమిన్ నిల్, షుగర్ నిల్, పస్ సెల్స్ 2-4, ఎపితీలియల్ సెల్స్ ప్లెంటీ. అక్షరాలు చదివాడు గాని అర్థం చెప్పలేకపోయాడు. మేమూ చెప్పలేకపోయాం. ఇరవై ఏళ్ళుగా అడంగల్ నకళ్ళు, కోర్టు నోటీసులు, మస్తర్లు చదివి జనానికి విప్పి చెప్పిన వాళ్ళం, ఆ రాత్రి అరచేతి వెడల్పు కాగితం ముందు నోరు కట్టేసుకుని నిలబడ్డాం.

మర్నాడు ఆ చీటీలు పట్టుకుని మాకు తెలిసిన ఒక ప్రభుత్వ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చూసి రెండు మాటలు చెప్పారు. ఆ తల్లి చీటీలో జబ్బు లేదు. ఆమె పొడిపించుకున్న ఆరు సూదులూ దండగ. వాటికి పెట్టిన ఖర్చు నాలుగైదు రోజుల కూలి. ఇక ముసలాయన చీటీలో అన్నీ నిల్ అని వున్న మాట నిజమే గాని, ఆయనకు చేయవలసిన అసలు పరీక్ష చేయలేదు. రక్తం తీసి చూడమన్నారు. చూస్తే క్రియాటినిన్ 4 దాటి వున్నది. అంటే రెండు మూత్రపిండాలూ చాలావరకు పోయినట్టే.

లేని రోగానికి సూదులు, ఉన్న రోగానికి "ఏమీ లేదు" అన్న మాట. ఒకే ఇంట్లో, ఒకే రోజున. ఎందుకిలా జరిగిందో ఆలోచిస్తూ, ఆ డాక్టరుగారి దగ్గర కూర్చుని చీటీ చదవడం నేర్చుకున్నాం. నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

వేలిముద్ర రోజులు గుర్తు తెచ్చుకోండి

మన తాతలు కామందు రాసిన నోటు మీద వేలిముద్ర వేసేవారు. నూరు తీసుకుంటే అందులో ఎంత రాశాడో తెలియదు. చదువుకున్నవాడు చెప్పిందే లెక్క. సంఘాలు వచ్చాక మనం చేసిన మొదటి పని నోటు చదవడం నేర్చుకోవడం, కొలత కర్ర చూడడం, కాటా ముల్లు చూడడం. ఇప్పుడు కామందు నోటు స్థానంలో పరీక్ష చీటీ వచ్చింది. దాని మీదా మనకు తెలియకుండానే వేలిముద్ర వేస్తున్నాం. ఆ చీటీని బట్టే సూదులు, మందులు, అప్పులు. తీరా ముదిరాక డయాలసిస్.

చీటీ చదవడమంటే వైద్యం మనమే చేసుకోవడం కాదు. ఏం అడగాలో తెలుసుకోవడం. అంతే.

మూత్రం పట్టేటప్పుడే సగం పరీక్ష

మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడకడతాయి. అందులో దాదాపు అంతా మళ్ళీ వెనక్కి తీసుకుని, లీటరున్నర రెండు లీటర్లు మాత్రం చెత్తతో కలిపి బయటికి పంపుతాయి. ఆ బయటికి వచ్చిన నీటిని చూసి లోపలి సంగతి ఊహించడమే మూత్ర పరీక్ష.

ఇది కొత్త విద్య కాదు. లండన్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు 1827లోనే, ఒళ్ళు నీరు పట్టిన రోగుల మూత్రం చెమ్చాలో పోసి కొవ్వొత్తి మీద కాచి, అది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టడం చూపించాడు. అలాంటి రోగులు చనిపోయాక మూత్రపిండాలు చెడి వుండడం చూసి, రెండింటినీ ముడిపెట్టాడు. ఒక చెమ్చా, ఒక దీపం. అంత తేలికైన పరీక్ష ఈనాటికీ మన పల్లెలకు సరిగ్గా అందలేదంటే లోటు విజ్ఞానంలో లేదు.

పరీక్షకు పొద్దున్నే మొదటి మూత్రం మేలు. కడుక్కుని, మొదటి ధార కింద వదిలేసి, నడి ధార శుభ్రమైన డబ్బాలో పట్టాలి. రెండు గంటల లోపల పరీక్ష జరగాలి. ఎండలో నిలవ వుంటే క్రిములు పెరుగుతాయి, కణాలు కరిగిపోతాయి. పొద్దున్న పట్టిన డబ్బా మధ్యాహ్నం దాకా కిటికీలో పెట్టి ఇచ్చిన ఫలితం నమ్మదగింది కాదు. ఆడవాళ్ళు నెలసరిలో వుంటే ఆ మాట ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచిపెడితే చీటీలో రక్తం అని పడుతుంది, లేనిపోని భయం పట్టుకుంటుంది.

మా తల్లి చీటీలో "ఎపితీలియల్ సెల్స్ ప్లెంటీ" అని వుందన్నాం కదా. అవి చర్మం పొర కణాలు. అవి ఎక్కువగా వున్నాయంటే సాధారణంగా మూత్రం సరిగ్గా పట్టలేదని అర్థం. ఆ చీటీ చూసి చేయవలసింది "అమ్మా, మళ్ళీ ఒకసారి శుభ్రంగా పట్టి తే" అని చెప్పడం. సూది పొడవడం కాదు.

ఒక్కొక్క వరుస

రంగు: లేత పసుపు మంచిది. ఎండలో పని చేసి వచ్చాక ముదురు పసుపు వస్తే ఒంట్లో నీరు తగ్గింది. టీబీ బిళ్ళలు మింగేవారికి నారింజ రంగు వస్తుంది, అది మందు రంగు. నొప్పి లేకుండా ఒక్కసారి ఎర్రగా వచ్చినా తీసిపారేయకూడదు, డాక్టరుకు చూపించాలి. ఇక గొడ్డుచాకిరీ చేసిన రోజున టీ డికాషను రంగులో వస్తే అది ప్రమాదం. కండరాలు చితికి, అందులోని పదార్థం మూత్రంలో పడి వుండవచ్చు. అప్పుడు పరీక్ష పట్టీ రక్తం వుందని చూపిస్తుంది, మైక్రోస్కోపులో మాత్రం ఎర్ర కణాలు కనబడవు. ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

స్పెసిఫిక్ గ్రావిటీ: మూత్రం చిక్కదనం. మామూలుగా 1.005 నుంచి 1.030 మధ్య వుంటుంది. 1.025 దాటితే నీరు చాలక చిక్కబడిందని అనుకోవాలి. మడి నుంచి సాయంత్రం తిరిగొచ్చిన కూలీకి ఇది ఎక్కువగా వుంటే, ఆ అంకె ఆ మనిషి జబ్బు గురించే కాదు, ఆ పొలంలో కడవెడు మంచినీళ్ళు పెట్టని ఆసామి గురించి కూడా చెబుతోంది. ఎప్పుడు పరీక్షించినా 1.010 దగ్గరే నిలిచిపోతుంటే, మూత్రాన్ని చిక్కబరచే శక్తి మూత్రపిండాలకు తగ్గుతోందేమోనని అనుమానించాలి.

ఆల్బుమిన్ లేక ప్రోటీన్: చీటీలో అన్నిటికన్నా ముందు చూడవలసిన వరుస ఇది. నిల్ అంటే కనబడలేదు. ట్రేస్ అంటే లేశం. ఒక ప్లస్ అంటే 100 మిల్లీలీటర్లలో సుమారు 30 మిల్లీగ్రాములు, రెండు ప్లస్సులంటే 100, మూడంటే 300. జ్వరంలోనూ, విపరీతమైన శ్రమ తర్వాతా లేశం పడవచ్చు. నీరు తాగక చిక్కబడ్డ మూత్రంలో వున్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది, నీళ్ళ మాదిరి మూత్రంలో తక్కువ కనబడుతుంది. కనుక ఒక్క చీటీ చూసి ఏడవనక్కర లేదు, ఒక్క చీటీ చూసి పొంగిపోనూ అక్కర లేదు. ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ చేయించాలి. మూడు నెలల పాటు పోకుండా వుంటే అది మూత్రపిండాల జబ్బే. షుగరు, బీపీ వున్నవారు పట్టీ పరీక్షతో ఆగకుండా ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అనే పరీక్ష అడగాలి. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు వుంటే మంచిది. 30 నుంచి 300 మధ్య వుంటే తొలి హెచ్చరిక. పట్టీకి చిక్కని లేశం కూడా దీనికి చిక్కుతుంది.

గర్భిణికి ఈ వరుస ప్రాణం ఖరీదు చేస్తుంది. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ఆల్బుమిన్ పడిందంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం వాపు వుంటే క్షణం ఆగకూడదు. మన పల్లెల్లో గుర్రపువాతం అని భయపడే మూర్ఛలు దాని తర్వాతి మెట్టే. తల్లీబిడ్డల కార్డులో మూత్ర పరీక్ష గడి ఖాళీగా వుంటే నర్సమ్మను అడగండి. అడగడం తప్పు కాదు.

షుగర్: రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేగాని సాధారణంగా మూత్రంలోకి దిగదు. కనుక మూత్రంలో నిల్ అంటే షుగరు జబ్బు లేదని కాదు, రక్త పరీక్షే ప్రమాణం. డాపాగ్లిఫ్లోజిన్ వంటి బిళ్ళలు వాడేవారికి మూత్రంలో చక్కెర పడుతుంది. ఆ మందు చేసే పనే అది, కంగారు పడి మానేయకూడదు.

కీటోన్లు: తిండి లేక పస్తున్నా, వాంతులైనా, షుగరు అదుపు తప్పినా కనబడతాయి. షుగరు జబ్బుతో పాటు ఇవీ ఎక్కువగా వుంటే అది అత్యవసరం.

బైల్ పిగ్మెంట్లు, బైల్ సాల్ట్లు: పసరుకు సంబంధించినవి. వుంటే కామెర్ల సంగతి చూడమని సూచన.

పస్ సెల్స్: అంటే చీము కణాలు. ఈ మాట వినగానే మనవాళ్ళు హడలిపోతారు. ఆ హడలే కొందరికి బేరం. మైక్రోస్కోపులో ఒక చూపు మేరలో అయిదు లోపు వుంటే సాధారణమే. చీము కణాలు ఎక్కువగా వుండి, నైట్రైట్ పాజిటివ్ అని వుండి, దానితో పాటు మంట, మాటిమాటికీ రావడం, చలిజ్వరం వంటి బాధలు వుంటే అప్పుడు ఇన్‌ఫెక్షన్. నైట్రైట్ నెగటివ్ అయినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదని చెప్పలేం, ఎందుకంటే అది తయారు కావడానికి మూత్రం కొన్ని గంటలు తిత్తిలో నిలవాలి. బాధ ఏమీ లేనివారికి కేవలం అంకె చూసి మందులు పోయడం మాత్రం చాలామంది విషయంలో అనవసరం. గర్భిణుల సంగతి వేరు, వారికి డాక్టరు చెప్పినట్టు జరగాలి.

ఆర్‌బిసి: ఎర్ర కణాలు. రెండు మూడు దాటకూడదు. దాటితే రాయి కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఇంకా పెద్దది కావచ్చు. కారణం తేలేదాకా వదలకూడదు.

నిల్ అన్న మాట నమ్మి మోసపోవద్దు

ఇప్పుడు ముసలాయన చీటీకి వద్దాం. అన్నీ నిల్ అని వుంటే రోగం ఎక్కడి నుంచి వచ్చింది?

పొలం లెక్కలో చెప్పుకుందాం. చెరువు గట్టు తెగితే నీళ్ళు పైకి కనబడతాయి, ఊరంతా పరిగెడుతుంది. కాలువ పూడిపోతే అలా కాదు. పైకి ఏమీ కనబడదు. చివరి మడి ఎండినప్పుడుగాని తెలియదు. షుగరు వల్ల వచ్చే మూత్రపిండాల జబ్బు ఎక్కువ మందిలో గట్టు తెగే రకం. జల్లెడ చిరిగి ఆల్బుమిన్ కారుతుంది, పట్టీ మీద ప్లస్సులు పడతాయి. ఉద్దానంలో మనల్ని తినేస్తున్నది ఎక్కువగా కాలువ పూడే రకం. జల్లెడ కింది సన్నని గొట్టాలు, వాటి చుట్టూ వున్న కండ మచ్చకట్టి పాడవుతాయి. ఇందులో ఆల్బుమిన్ లేశంగా పడుతుంది, లేదా అసలు పడదు. కాళ్ళ వాపు వుండదు, బీపీ కూడా మొదట్లో పెద్దగా పెరగదు. ఆకలి చచ్చి, వాంతులు మొదలయ్యే నాటికి ఆలస్యమైపోతుంది.

2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఉద్దానం ప్రాంతంలో 2,210 మందిని పరీక్షించారు. నూటికి 18 మందికి పైగా మూత్రపిండాల జబ్బు వున్నది. వారిలో దాదాపు ముప్పాతిక మందికి షుగరు, బీపీ వంటి తెలిసిన కారణం ఏదీ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏ వీధికి పోయినా ఈ లెక్క మనుషుల రూపంలో కనబడుతుంది.

కనుక ఉద్దానం కూలీకి మూత్రం చీటీ ఒక్కటే చాలదు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి వచ్చే చెత్త. మూత్రపిండాలు దాన్ని తోసేయలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. ఇందులోనూ ఒక మెలిక వున్నది. సుమారు సగం శక్తి పోయేదాకా ఆ అంకె పెద్దగా పెరగదు. కొన్ని చీటీల మీద ఆడా మగా తేడా లేకుండా 1.3 వరకు నార్మల్ అని ఒకే గీత గీసి వుంటుంది. 50 ఏళ్ళ ఆడమనిషికి 1.2 వచ్చిందనుకోండి. చీటీ నార్మల్ అంటుంది. కాని వయసు, ఆడా మగా చూసి వేసే జీఎఫ్‌ఆర్ లెక్క ప్రకారం ఆమె మూత్రపిండాల శక్తి 55 దగ్గర వుంటుంది. 60 కన్నా తక్కువగా మూడు నెలలు వుంటే జబ్బు కిందే లెక్క. కండ కరిగిపోయిన ముసలి కూలీల్లో అంకె ఇంకా మోసం చేస్తుంది. అందుకని "క్రియాటినిన్ ఎంత?" అని ఆగకండి. "జీఎఫ్‌ఆర్ ఎంత? అది కూడా రాసివ్వండి" అని అడగండి.

ఆడకూలీల గోడు

ఊడ్పుల్లో, కలుపుల్లో, జీడిపిక్కల బట్టీల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేసే ఆడవాళ్ళకు మూత్రానికి పోయే చోటు లేదు. ఊడ్చిన మడుల్లో చాటు ఎక్కడిది? అందుకని పొద్దున్న నుంచి నీళ్ళే తాగరు. "తాగితే ఎల్లాలి కదప్పా, ఎక్కడికెల్తాం?" అని ఒక చెల్లెలు అడిగింది. మా దగ్గర జవాబు లేదు. నీరు తాగకపోవడం, వచ్చింది ఆపుకోవడం, ఈ రెండింటి నుంచి మంట, చీము, జ్వరం. దానికి సూది. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్ళ. ఎండలో నీరింకిన ఒంట్లో ఆ నొప్పి బిళ్ళలు రోజూ పడితే మూత్రపిండాలకు దెబ్బ మీద దెబ్బ. చీటీలో "పస్ సెల్స్ 20-25" అని రాసి వుంటుంది. మరుగుదొడ్డి లేదని రాసి వుండదు. అది రాయవలసింది మనమే.

నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కోసే కూలీలకు మన ఉద్దానం జబ్బు వంటిదే వచ్చి వేలమంది చనిపోయారు. ఎండలో ఒళ్ళు కాగిపోయే చాకిరీకీ దానికీ సంబంధం వున్నదని అక్కడి పరిశోధనలు చూపాయి. నీరు, విశ్రాంతి, నీడ ఏర్పాటు చేసిన చోట్ల మూత్రపిండాల మీద దెబ్బ తగ్గింది. ఉద్దానంలో కారణం ఇంకా తేలలేదు. నేల నీరు, ఎండ, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశం, వీటిలో ఏది ఎంత అన్న వాదన నడుస్తోంది. ఒక్క కారణమే అని ఎవరు ఘంటాపథంగా చెప్పినా నమ్మకండి. కాని కారణం తేలేదాకా నీడ, నీరు ఆపవలసిన పని లేదు. ఎండలో పని చేసేవారు పావుగంట ఇరవై నిమిషాలకొకసారి గ్లాసు నీళ్ళు తాగాలి. ఇప్పటికే జబ్బు ముదిరి, ఒంట్లో నీరు చేరినవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతకు మించకూడదు.

రెండు వైపుల నుంచి రెండు మాటలు

"కూలి, భూమి వదిలేసి ఉచ్చ పరీక్షల గురించి మాట్లాడతారేమిటి?" అని మా కార్యకర్తలే కొందరు అడిగారు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు మిషను మీద. తోడు ఒక మనిషి. దారి ఖర్చు. ఆ ఇంట్లో రెండు కూలీలు పోయాయి. ఎకరం పావు వుంటే అదీ పోయింది. పోరాడి పెంచుకున్న కూలి ఆసుపత్రి బల్ల మీద పోసి వస్తుంటే, ఇది భూమి సమస్య కాదంటారా? కూలి సమస్య కాదంటారా?

"మిడిమిడి జ్ఞానం ప్రమాదం" అని కొందరు డాక్టర్లు అన్నారు. నిజమే. అందుకే ఇది చదివి ఎవరూ మందు మానవద్దు, మందు మొదలెట్టవద్దు అని నొక్కి చెబుతున్నాం. కాని డాక్టరుగారూ, మిడిమిడి జ్ఞానం మాకు ఎందుకు మిగిలింది? మా ఒంటి సంగతి రాసిన కాగితం మాకు రాని భాషలో ఇచ్చి, రెండు నిమిషాల్లో పంపేస్తే మాకు నిండు జ్ఞానం ఎక్కడి నుంచి వస్తుంది?

సాధించిందీ, సాధించవలసిందీ

ఏమీ జరగలేదని మేము అనం. ఉద్దానం ప్రజలు, ప్రజా సంఘాలు, వైద్యులు ఏళ్ళ తరబడి గొంతెత్తిన ఫలితంగానే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం నీళ్ళు గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇవి మంచి పనులే. కాని డయాలసిస్ కాలువ చివర ఎండిన మడికి బిందెతో నీళ్ళు మోయడం వంటిది. పూడిక ఎక్కడ మొదలైందో చూడాలంటే పల్లెలో, పొలం గట్టు దగ్గర, ముందుగా పరీక్షించాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత పరీక్షల పథకం 2015 నుంచీ వున్నది. పథకం వుండడం వేరు, రసాయనం, టెక్నీషియను వుండడం వేరు.

కనుక మనం అడగవలసినవి ఇవి:

1. మూత్రపిండాల జబ్బు వున్న ప్రాంతాల్లో పెద్దవారందరికీ ఏడాదికొకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, షుగరు, బీపీ పరీక్షలు ఊళ్ళోనే ఉచితంగా చేయాలి. పని పోకుండా, పొద్దున్నే చేయాలి.

2. చీటీ తెలుగులో ఇవ్వాలి. జీఎఫ్‌ఆర్ లెక్క వేసి రాయాలి. "బాగుంది", "మళ్ళీ చేయించాలి", "వెంటనే డాక్టరును కలవాలి" అని మూడింటిలో ఒక మాట కింద రాయాలి. చీటీ కూలీ చేతికే ఇవ్వాలి.

3. మొదటిసారి తేడా వచ్చినవారికి మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయడం ఆరోగ్య సిబ్బంది బాధ్యతగా వుండాలి.

4. పని చోట మంచినీరు, నీడ, మిట్టమధ్యాహ్నం విశ్రాంతి, ఆడవారికి మరుగు ఏర్పాటు చేయాలి. పని చోట మంచినీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి వుండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే రాసింది. చట్టాల పేర్లు మారినా దాహం మారదు. ఆసామి పొలంలోనూ, బట్టీలోనూ అదే హక్కు మనకు కావాలి.

5. పరీక్ష ఫలితం చూపి ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. మధ్య అమెరికాలో చెరకు కంపెనీలు పనికి తీసుకునే ముందే క్రియాటినిన్ చూసి, ఎక్కువున్నవారికి పని లేదు పొమ్మన్నాయి. పరీక్ష కూలీని కాపాడడానికి రావాలి, కూలీని గెంటడానికి కాదు. అందుకని ఎవరి చీటీ వారి సొత్తు. మేస్త్రీకి గాని ఆసామికి గాని చూపవలసిన అవసరం లేదు.

సంఘం శాఖలకు ఒక మాట. ప్రతి ఊళ్ళో పదో తరగతి దాటిన పిల్లలు ఇద్దర్ని, ఒక ఆడపిల్లను ఒక మగపిల్లవాణ్ణి, చీటీ చదవడంలో తయారు చేయండి. ఆశా కార్యకర్తను పిలవండి, మంచి డాక్టరుంటే పిలవండి. ప్రతి ఇంట్లో చీటీలన్నీ తేదీల వరుసన ఒక సంచిలో పెట్టించండి. ఒక్క చీటీ కన్నా మూడు చీటీలు వరుసన పెడితే ఎక్కువ చెబుతాయి.

ఆ ముసలాయన ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళుతున్నాడు. మొన్న వాళ్ళ ఇంటికి వెళితే ఆ తల్లి కొత్త చీటీ ఒకటి తెచ్చింది. ఈసారి పక్కింటి కోడలిది. చూపించమని ఇవ్వలేదు. తనే మధ్య వరుస మీద వేలు పెట్టి, "ఇదిగో బాబూ, ఇక్కడ ఆల్బుమిన్ రెండు ప్లస్సులున్నాది. బొట్టెకి ఏడో నెల. బీపీ సూడమని పొద్దున్నే తోలీసినాను" అన్నది.

ఆమెకు అక్షరాలు రావు. ప్లస్ గుర్తు నేర్చుకున్నది. వేలిముద్ర వేసే వేలు ఇప్పుడు ఆ వరుసను చూపిస్తోంది. ప్రతి పల్లెలో ఇలాంటి వేళ్ళు పది లేవాలి.